ఈ సంవత్సరం కూడ ఉండనిమ్ము

ప్రశ్న: పాస్టరుగారికి వందనాలు. మేము పదకొండేళ్లుగా బెంగళూరులోని మారతహళ్ళిలో ఉంటున్నాము. ప్రతి డిసెంబరు 31 రాత్రి మా తెలుగు సంఘంలో వాచ్‌నైట్ ఆరాధనకు వెళ్లి, ఆ ఏడాదికి వాగ్దానంగా ఇచ్చే బైబిలు వాక్యం తీసుకుని, ఈ ఏడాదైనా ప్రభువు సేవలో నమ్మకంగా ఉంటానని తీర్మానించుకుంటాను. మా అత్తగారు పక్షవాతంతో మంచం పట్టినప్పటి నుండి సేవ మానేశాను. క్వయర్ లేదు, సండేస్కూలు పాఠమూ లేదు. ఈసారి ఆ రాత్రి ఆరాధనకు కూడా వెళ్లలేను. ఇలాంటి జీవితాన్ని దేవుడు అంగీకరిస్తాడా?
– ఒక సహోదరి, బెంగళూరు

జవాబు: సహోదరీ, "సేవ మానేశాను" అన్న మీ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. గంట గంటకూ కనిపెట్టుకుని ఉండకపోతే వీపు పుండ్లు పడే మనిషిని అర్ధరాత్రి లేచి ఒత్తిగిలజేసి, తడిబట్టతో తుడిచి, చెంచాతో జావ పట్టే చేతులు సేవ మానేసిన చేతులు కావు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ప్రభువు తనకు చేసినట్టుగా లెక్కించినవి ఆకలిగొన్నవారికి పెట్టిన అన్నం, దప్పిగొన్నవారికి ఇచ్చిన నీళ్లు, రోగి దగ్గరకు వెళ్లడం వంటి పనులే.

లూకా సువార్త 13వ అధ్యాయంలో మూడేళ్లుగా కాయని అంజూరపు చెట్టును నరికివేయమని యజమాని అన్నప్పుడు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను, ఈ సంవత్సరం కూడా ఉండనిమ్మని తోటమాలి బతిమాలుకున్నాడు. కొత్త సంవత్సరం వచ్చిన ప్రతిసారీ నాకు ఆ గడువే గుర్తుకు వస్తుంది. తవ్వుతానన్నది తోటమాలి, చెట్టు ఆ చోట వేరూని ఉంటే చాలు.

1755 ఆగస్టు 11న మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో సుమారు 1,800 మందితో దేవునితో నిబంధనను, అంటే ఒడంబడికను, నూతనపరచుకునే ఆరాధన జరిపించాడు. మెథడిస్టు సంఘాలు తరువాత దానిని కొత్త సంవత్సరపు ఆరంభంలో జరుపుకోసాగాయి. అందులో నేటికీ చేసే ప్రార్థనలో, నన్ను నీ పనిలో పెట్టుకున్నా సరే, నీ కోసం పక్కన ఉంచినా సరే అనే సమర్పణ ఉంది. క్వయర్ నుండి మంచం పక్కకు వచ్చిన మీకు అది అక్షరాలా సరిపోయే ప్రార్థన. పైగా అది సంఘమంతా కలిసి చేసేది. మన తీర్మానాలు ఫిబ్రవరికే సడలిపోవడానికి, వాటిని ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా చేసుకోవడమే ముఖ్య కారణమని నాకు తోస్తుంది.

అయితే ఇంటి చాకిరీ సేవే గనుక వాక్యం, ప్రార్థన తరువాత చూసుకోవచ్చునని మాత్రం అనుకోకండి. జావ పట్టే వేళ ఒక కీర్తన పైకి చదవండి, పాట పాడండి. మాట పడిపోయినవారు కూడా చిన్ననాటి పాట వినగానే పెదవులు కదపడం నేను చూశాను. మీరు క్వయర్‌లో పాడిన గొంతు అక్కడ ఎంతో అవసరం.

జనవరి మొదటి వారంలో ఇద్దరు సంఘస్థులతో మీ ఇంటికి వచ్చి, మీ ఇద్దరికీ ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం ఇవ్వమని మీ కాపరిని మొహమాటం లేకుండా అడగండి. వారిలో ఒకరు నెలకొక ఆదివారం అత్తగారి దగ్గర కూర్చుంటే మీరు ఆరాధనకు వెళ్లి రాగలుగుతారు. ఆమెకు ఏ వైపు ఒత్తిగిలితే సుఖమో, జావ ఎంత చిక్కగా ఉండాలో ఒక కాగితం మీద రాసి మంచం దగ్గర పెట్టి వెళ్లండి.