మీ ప్రశ్నలు – మా జవాబులు: అరవై దాటాక కరోలినా షాగ్

ప్రశ్న: అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రంలోని షార్లట్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాం. ఆయనకి డెబ్బై, నాకు అరవై ఆరు. పక్కింటి పెద్ద దంపతులు వారం వారం షాగ్ డ్యాన్స్‌కి వెళ్తూ మమ్మల్నీ రమ్మంటున్నారు. వీడియోలు చూస్తే అందరూ గెంతుతూ కాళ్లు విసురుతున్నారు. ఈ వయసులో మా వల్ల అవుతుందా?
– ఒక పాఠకురాలు

మీరు చూసింది వేరే షాగ్ అయ్యుంటుందమ్మా. ఆ పేరుతో ఒకటికి మించి డ్యాన్సులున్నాయి. కాలేజియేట్ షాగ్, సెయింట్ లూయిస్ షాగ్ చాలా వేగంగా, ఎగురుతూ సాగుతాయి. మీ పక్కింటివాళ్లు ఆడేది కరోలినా షాగ్. ఇందులో నడుము పైభాగం దాదాపు కదలదు, పనంతా మోకాళ్ల కిందే. పాదం నేలను వదిలి ఎగరదు, నేల మీద జారుతుంది. పాట కూడా నిమిషానికి నూట పది, నూట ముప్పై బీట్ల మధ్యే ఉంటుంది.

1930, 40ల్లో దక్షిణ కరోలినా తీరంలో, మర్టిల్ బీచ్ చుట్టుపక్కల రూపుదిద్దుకున్న జోడీ నాట్యం ఇది. 1984లో దక్షిణ కరోలినా దీన్ని రాష్ట్ర నాట్యంగా ప్రకటించింది. 2005లో ఉత్తర కరోలినా కూడా తన రాష్ట్ర నాట్యాల్లో చేర్చుకుంది. ఒకప్పుడు ఆ తీరంలో ఆడిన కుర్రకారు వయసు మళ్లాక తిరిగి కలుసుకోవాలని 1980లో నార్త్ మర్టిల్ బీచ్‌లో ఒక కలయిక పెట్టుకున్నారు. ఎస్.ఓ.ఎస్. (సొసైటీ ఆఫ్ స్ట్రాండర్స్) పేరుతో అది ఇప్పటికీ ఏటా వసంతంలోనూ, ఎండలు తగ్గాకానూ జరుగుతోంది. అంటే ఈ నాట్యాన్ని ఇన్నాళ్లూ మోసుకొచ్చిందే పెద్దవాళ్లు. అక్కడ మీ వయసు వింతేమీ కాదు.

వెళ్లేముందు ఇంట్లో ఒక పరీక్ష చేసుకోండి. చేతులు గుండెల మీద కట్టుకుని, గోడకు ఆనించిన కుర్చీలోంచి ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం మీ వయసు స్త్రీలకు పదకొండు, డెబ్బై–డెబ్బై నాలుగేళ్ల పురుషులకు పన్నెండు రావాలి. అంతకు తగ్గితే పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం. అప్పుడు ముందు డాక్టరు గారితో మాట్లాడి, కాళ్లకు బలం వచ్చే వ్యాయామాలు మొదలుపెట్టండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు పాట మొదలవగానే కుర్చీలోంచి గబుక్కున లేవకూడదు. లేచి, పది లెక్కపెట్టి, తల తిరగడం లేదని చూసుకుని అప్పుడు అడుగు వేయాలి.

ప్రశ్న: నాలుగు క్లాసులకు వెళ్లాను. బేసిక్ అనే మొదటి అడుగుల వరుస దగ్గరే ఆగిపోయాను. టీచరు “వన్ అండ్ టూ, త్రీ అండ్ ఫోర్, ఫైవ్, సిక్స్” అంటుంటే ఐదు దగ్గర నా కాలు తప్పుతోంది. చిన్నప్పుడు మృదంగం కూడా నేర్చుకున్నాను. లోపం ఎక్కడ?
– ఒక పాఠకుడు, క్యారీ

తప్పు ఐదులో కనిపిస్తోంది కానీ, జరుగుతున్నది నాలుగులో. మీరు మృదంగం నేర్చారు కాబట్టి ఆ భాషలోనే చెబుతాం. షాగ్ బేసిక్ ఆరు బీట్లలో ఎనిమిది అడుగులు: *తకిట, తకిట, తక*. ఒక్కో తకిటకు రెండు బీట్లు, చివరి తకకు రెండు. అయితే ఈ తకిట మీరు నేర్చుకున్న సమానమైన తకిట కాదు. త కాస్త సాగాలి, కి పొట్టిగా రావాలి, ట మీద నిలవాలి. మూడూ సమానంగా పలికితే కాళ్లు పాటకంటే వెనకబడతాయి.

ఇక అడుగులు. లీడ్ చేసేవారు ఎడమ కాలితో, ఫాలో అయ్యేవారు కుడి కాలితో మొదలుపెడతారు. ఇద్దరివీ అద్దంలో బొమ్మల్లా ఉంటాయి కనుక లీడ్ వైపే చెబుతాం. మొదటి తకిట: ఎడమ కాలు ముందుకు, కుడి కాలు దాని పక్కకు, మళ్లీ ఎడమ ఉన్నచోటే. రెండో తకిట: కుడి కాలు వెనక్కి, ఎడమ దాని పక్కకు, మళ్లీ కుడి. ఐదుకి ఎడమ కాలు వెనక్కి పెట్టి బరువు దానికివ్వాలి. ఆరుకి బరువు తిరిగి ముందున్న కుడి కాలి మీదకు వస్తుంది. ఈ చివరి రెండింటినీ రాక్ స్టెప్ అంటారు. ఏ అడుగూ మీ పాదం పొడవుకు మించకూడదు.

చాలామంది రెండో తకిట చివర కుడి కాలిని నేలకు తాకిస్తారే తప్ప బరువు దాని మీదకు మార్చరు. బరువు ఎడమ కాలి మీదే ఉండిపోతుంది. ఐదు వచ్చేసరికి వెనక్కి వెళ్లాల్సిన ఎడమ కాలు లేవనంటుంది, దాంతో తప్పు కాలు కదులుతుంది. నాలుగు దగ్గర ఆగి, ఎడమ మడమ పైకెత్తి చూడండి. తేలిగ్గా లేస్తే మీ బరువు సరైన చోట ఉంది. ఒళ్లు ఊగితే లేదు. వంటింటి గట్టు పట్టుకుని, పాట లేకుండా, ఈ ఆగడం రోజూ ఇరవైసార్లు చేయండి. ఆ తర్వాత తాళం వేసే యంత్రం మెట్రోనోమ్‌ను నూరు దగ్గర పెట్టి మొదలుపెట్టి, వారానికి నాలుగైదు చొప్పున పెంచండి.

మీకు ఇంకో ఇబ్బంది కూడా ఎదురవుతుంది, ముందే తెలుసుకోండి. పాట ఎనిమిదేసి బీట్ల ముక్కలుగా నడుస్తుంది, అడుగు ఆరేసి బీట్లకు తిరుగుతుంది. ఆది తాళం చేత్తో వేసిన అలవాటు ఉన్నవాళ్లు సమం (తాళం మొదలు) దగ్గర అడుగూ మొదలవ్వాలని ఎదురుచూసి ఆగిపోతారు. ఆగొద్దు. ఇరవై నాలుగు బీట్లకు, అంటే నాలుగు బేసిక్‌లు పూర్తయ్యేసరికి రెండూ వాటంతటవే కలుస్తాయి. పన్నెండు బార్ల (బారుకు నాలుగు బీట్లు) బ్లూస్ పాటైతే ఒక చుట్టుకు సరిగ్గా ఎనిమిది బేసిక్‌లు పడతాయి. ఆ ఎనిమిదో బేసిక్ చివర పాటా మీరూ ఒకేచోట దిగిన క్షణం మీ చెవికి తెలుస్తుంది. షాగ్ రుచి మొదటిసారి తెలిసేది అక్కడే.

ప్రశ్న: కుడి మోకాలు అరిగిందన్నారు, ఎడమ భుజం పైకి లేవదు. స్పోర్ట్స్ షూ వేసుకుని వెళ్తే పాదం పట్టేస్తోంది. ఏం మార్చుకోవాలి?

ముందు బూట్లు మార్చండి. రబ్బరు అడుగు నేలను పట్టుకుంటుంది. ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు, ఆ మెలిక అంతా మోకాలే భరించాలి. షాగ్ ఆడేవాళ్లు లెదర్ అడుగున్న లోఫర్లు వేసుకునేది ఇందుకే. మడమ జారిపోకుండా బిగువుగా ఉన్నవి కొనండి. నేల మీద టాల్కమ్ పౌడర్ మాత్రం చల్లకండి, చల్లనివ్వకండి. ఒకచోట జారి ఒకచోట పట్టే నేల కంటే ప్రమాదకరమైనది లేదు.

రాక్ స్టెప్‌లో మడమను నేలకు కొట్టొద్దు. పాదం ముందు భాగం మీదే బరువు ఆపండి. మడమ దిగిందంటే ఒళ్లు వెనక్కి వాలుతుంది, దాన్ని తిరిగి లాగే పని మోకాలిది. భుజం సంగతంటారా, చేయి పైకెత్తి తిప్పే మలుపు మీకు తప్పనిసరేమీ కాదు. నడుము ఎత్తులోనే దారి చూపి, చేయి వదిలేసి ఎదుటివారిని తిరగనిచ్చి మళ్లీ అందుకోవచ్చు. లేవని భుజాన్ని బలవంతంగా లేపేవాళ్లతో నిర్మొహమాటంగా “చేయి కిందే ఉంచండి” అనండి.

ప్రశ్న: పరాయి మగవాళ్ల చేయి పట్టుకోవాలంటే మొహమాటం. భార్యాభర్తలం మేమే కలిసి ఆడితే తప్పా?

తప్పేమీ లేదమ్మా. షాగ్‌లో ఎక్కువసేపు ఇద్దరి మధ్య చేయి చాచినంత ఎడం ఉంటుంది, కలిసేది ఒక్క చేయే. అదీ వేళ్లు కొక్కెంలా తగిలించడమే తప్ప బొటనవేలితో బిగించరు. ఒప్పులకుప్పలో ఇద్దరూ వెనక్కి వాలి ఒకరి బరువు ఒకరు మోస్తారు కదా, ఇక్కడ అది పనికిరాదు. ఎవరి బరువు వారి కాళ్ల మీదే ఉండాలి. ఒకరు చేయి వదిలినా రెండోవారు తూలకూడదు. క్లాసులో జోడీలు మార్చుకోమంటారు, ఎందుకంటే ఒకరి తప్పుకు ఇంకొకరు అలవాటు పడిపోతారు. మీరు ఆడవాళ్లతోనే మారతామని చెప్పండి. ఎవరైనా లీడ్ చేయొచ్చు.

ప్రశ్న: రాలీలో మా కాలనీ క్లబ్బులో పన్నెండుమంది పెద్దవాళ్లకు నేర్పించాలనుకుంటున్నాం. గంట సమయం ఉంది. ఎలా పంచుకోవాలి? డ్యాన్స్ చేస్తే మతిమరుపు రాదని చెప్పి పిలవొచ్చా?

చివరిదానికి ముందు జవాబు: అలా పిలవొద్దు. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో డెబ్బై అయిదు దాటిన 469 మందిపై ఒక పరిశీలన వచ్చింది. శరీరంతో చేసే పనుల్లో డ్యాన్స్ ఒక్కదానికే డిమెన్షియా ముప్పు తక్కువగా ఉండటంతో సంబంధం కనిపించింది. అయితే మతి చురుగ్గా ఉన్నవాళ్లే డ్యాన్స్‌కి ఎక్కువగా వెళ్లి ఉండొచ్చు కూడా. సరదాగా ఉంటుందని పిలవండి, వస్తారు.

గంటలో పది నిమిషాలు ఒళ్లు వేడెక్కడానికి: నిలబడి మడమలెత్తడం, బరువు ఈ కాలి నుంచి ఆ కాలికి మార్చడం, పాటకు నడవడం. తర్వాత పావుగంట జోడీ లేకుండా వరుసల్లో బేసిక్. మీరు వీపు వాళ్లవైపు పెట్టి ఆడండి. ఎదురుగా నిలబడితే కుడి ఎడమలు తారుమారై సగంమంది కంగారు పడతారు. అప్పుడు అయిదు నిమిషాలు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వండి. అడగరు కదా అని మానేయొద్దు, చాలామంది పెద్దవాళ్లు దాహం చెప్పరు. మిగిలిన అరగంట జోడీలు కట్టించి, మూడు నిమిషాలకోసారి మార్పించండి. గోడ వెంబడి కుర్చీలు ఉండాలి. వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లను స్పీకరు పక్కన నిలబెట్టకండి. మీరు మాట్లాడేటప్పుడు పాట పూర్తిగా ఆపండి. రెండూ కలిస్తే వాళ్లకు ఏదీ వినబడదు.

మొదటి ఆరు వారాలూ బేసిక్, ఒక్క మలుపు, అంతే. కొత్త కొత్త స్టెప్పులు గుప్పించే టీచర్ల దగ్గర పెద్దవాళ్లు మూడో వారానికే మానేస్తారు. పైగా అలా నేర్చినవాళ్ల నడకలో ఆ జారుడు ఉండదు. షాగ్ ప్రాణం ఆ జారుడులోనే ఉంది.

ప్రశ్న: మా క్లబ్బులో ఎనభై దాటిన పాత డ్యాన్సర్లు ముగ్గురున్నారు. వాళ్ల పద్ధతిని వీడియో తీసి దాచాలనుంది. ఎలా తీయాలి?
– ఒక పాఠకుడు, షార్లట్

ఈ పని వాయిదా వేయకండి. ఫోన్‌ను మోకాలి ఎత్తులో స్టాండుకు బిగించి, సెకనుకు అరవై ఫ్రేములు పెట్టి, పాదాలు స్పష్టంగా పడేలా తీయండి. ముఖం ఎత్తునుంచి తీసిన వీడియోలో షాగ్ అసలు కనిపించదు. ఒకసారి పక్కనుంచి, ఒకసారి వీపు వైపునుంచి, ఒకసారి నిలువెత్తు జోడీని తీయండి. ముందు వాళ్లకిష్టమైన పాటకు మామూలుగా ఆడమనండి, ఆ తర్వాతే నెమ్మదిగా చేసి చూపమనండి. నెమ్మదిగా చేసేటప్పుడు తెలియకుండానే అడుగు మారిపోతుంది కాబట్టి రెండూ ఉండాలి. పోటీల కోసం కూర్చుకున్న వరుసలకంటే, ఎవరితోనో మామూలుగా ఆడిన మూడు నిమిషాలు విలువైనవి.

ప్రతి అడుగును వాళ్లు ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరే రాయండి. ఎవరి దగ్గర చూసి నేర్చారో, ఎక్కడో, ఏ సంవత్సరమో అడగండి. ఈ ప్రశ్న దగ్గర మొహమాటపడొద్దు. వర్ణవివక్ష చట్టంగా ఉన్న రోజుల్లో తెల్ల కుర్రాళ్లు చాలామంది ఈ సంగీతాన్నీ, అడుగులనూ నల్లజాతి క్లబ్బుల్లోనే చూసి నేర్చారు. మర్టిల్ బీచ్‌లో కార్వర్ వీధిలో చార్లీ ఫిట్జెరాల్డ్ నడిపిన చార్లీస్ ప్లేస్ అలాంటిదే. రెండు జాతులవాళ్లూ ఒకే నేల మీద ఆడుతున్నారన్న కక్షతో 1950 ఆగస్టు 26న కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకారుల మూక దాని మీద తుపాకులతో దాడి చేసి, ఆయన్ను ఎత్తుకెళ్లి చావబాదింది. ఆయన కోలుకుని తిరిగొచ్చి క్లబ్బు నడిపారు. ఎనభైలు దాటినవాళ్లకు ఆ రోజుల గురించి పెద్దవాళ్ల నోట విన్న మాటలైనా గుర్తుండొచ్చు. వాళ్లు చెబితే మధ్యలో ఆపకుండా రికార్డు చేయండి. అనుమతి కాగితం మీద సంతకం తీసుకోండి. ఒక కాపీ వాళ్ల కుటుంబానికి, ఒకటి మీ ఊరి లైబ్రరీలో స్థానిక చరిత్ర విభాగానికి ఇవ్వండి. ఫైలు పేరులోనే ఆడినవారి పేరు, తేదీ, పాట వేగం రాసి పెట్టండి.