లిస్టులు పక్కన పెట్టి, ముందు ఒక్క సంచీ పూర్తి చేయండి

ఎమర్జెన్సీ కిట్ తయారు చేద్దామని లిస్టులు చదువుతుంటే ధైర్యం రాకపోగా టెన్షన్ పెరుగుతోందని, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని మీరు అడిగారు. రెండేళ్ల క్రితం నాదీ ఇదే పరిస్థితి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా ఇంట్లో కిట్ ఉందనే అనుకునేదాన్ని. అటక మీద ఒక అట్టపెట్టె ఉండేది. ఒకరోజు రాత్రి రెండు గంటలకు కరెంటు పోయింది. అమ్మకు ఆస్తమా. సరిగ్గా అప్పుడే ఆయాసం మొదలైంది. నా ఫోన్‌లో నాలుగు శాతం ఛార్జింగ్ ఉంది. స్టూలు వేసుకుని పెట్టె దించి టార్చి నొక్కితే వెలగలేదు. మూత తిప్పి చూస్తే బ్యాటరీలు కారిపోయి, స్ప్రింగు చుట్టూ తెల్లటి పొర గట్టిగా పేరుకుని ఉంది. వేలికి అంటి మంట పెట్టింది. పెట్టెలో ఇన్‌హేలర్ దొరికింది కానీ ఇంకా ఎన్నిసార్లు వాడొచ్చో చూపే దాని కౌంటర్‌లో సున్నా ఉంది. అమ్మ రోజూ వాడేది మంచం కిందికి దొర్లిపోయింది. దాన్ని వెతికి పట్టుకునేదాకా అమ్మ గోడకు చేరగిలబడి, ఒక్కో ఊపిరికీ భుజాలు ఎగరేస్తూ నా వైపే చూస్తూ ఉంది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

ఆ తర్వాత నెల రోజులు నేను చేసింది తప్పు. కనిపించిన లిస్టల్లా చదివాను, వస్తువులు కొన్నాను. మూడు సంచులు సగం సగం నిండి మూలన పడి ఉన్నాయి. రాత్రి మెలకువ వస్తే ఇంకా ఏది కొనలేదో గుర్తొచ్చేది. సగంలో ఆగిన పనులు పూర్తయిన వాటికంటే బాగా గుర్తుంటాయని 1927లో బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాశారు. తర్వాతి ప్రయోగాలన్నీ దాన్ని సమర్థించలేదు కానీ నా విషయంలో మాత్రం అక్షరాలా అదే జరిగింది. చివరికి మూడు సంచులూ కుమ్మరించి, ఆ రాత్రి నాకు ఏమేం కావలసి వచ్చాయో అవే ఒక సంచీలో సర్దాను. ఆదివారం మధ్యాహ్నానికి అయిపోయింది. ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది. మీరూ అలాగే మొదలుపెట్టండి.

అన్నిటికంటే ముందు మందులు. రోజూ వాడేవి కనీసం వారానికి సరిపడా ఉంచండి. కొత్తవి తెచ్చినప్పుడు సంచీలో పెట్టి, సంచీలోని పాతవి వాడకానికి తీసుకోండి. ఇలా చేస్తే గడువు దాటే బాధ ఉండదు. మందు పేరు, మోతాదు, ముఖ్యమైన ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి పెట్టండి, ఎందుకంటే ఫోన్ ఆఫ్ అయితే మనకు ఒక్క నంబరూ గుర్తుండదు. తెరవని ఇన్సులిన్ లాంటివి ఫ్రిజ్‌లోనే ఉండాలి కాబట్టి, 'ఫ్రిజ్‌లో మందు ఉంది' అని చీటీ రాసి సంచీకి కట్టండి. హడావుడిలో మర్చిపోయేది సరిగ్గా అదే.

టార్చిలో బ్యాటరీలు వేసి దాచకండి. విడిగా చిన్న కవర్లో పెట్టి టార్చికే రబ్బరు బ్యాండుతో బిగించండి. కళ్లు మూసుకుని వేయడం ఇంట్లో అందరూ ఒకసారి ప్రాక్టీస్ చేయాలి. మా అమ్మతో కూడా చేయించాను. పవర్ బ్యాంక్ వాడకపోయినా ఛార్జింగ్ దిగిపోతుంటుంది, మూడు నెలలకోసారి చూసుకోండి. కొవ్వొత్తులు మాత్రం నేను పెట్టను, చీకట్లో కంగారు మీదున్నప్పుడు మంటతో పని వద్దు.

నీళ్లు మనిషికి రోజుకు సుమారు నాలుగు లీటర్లు, మూడు రోజులకు ఉండాలంటారు. నలుగురికి 48 లీటర్లు. ఈ లెక్క చూసే నేను మొదట బెదిరిపోయాను. ముందు ఒక్క రోజుకు సరిపడా నింపండి, మిగతాది నెమ్మదిగా చేయవచ్చు. ఇక పత్రాల నకళ్లు, కాస్త నగదు, ఈల, ఒక జత బట్టలు చాలు. సంచీ అటక మీద వద్దు, గుమ్మం దగ్గర చేతికందే ఎత్తులో తగిలించండి.

ఇక రోజువారీ టెన్షన్ గురించి. నాకు పనిచేసినవి రెండే. సాయంత్రం పదిహేను నిమిషాలు నోట్‌బుక్ ముందేసుకుని, మనసులో తిరుగుతున్న భయాలన్నీ రాస్తాను. నా చేతిలో ఉన్నదైతే పక్కనే ఒక చిన్న పని, అది చేసే తేదీ రాస్తాను. చేతిలో లేనిదైతే అలాగే వదిలేస్తాను. రాత్రి అదే ఆలోచన మళ్లీ వస్తే 'నోట్‌బుక్‌లో ఉందిగా' అనుకుంటాను. మొదటి వారం పెద్దగా తేడా తెలియలేదు, మానేయకండి.

రెండోది శ్వాస. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, ఐదు నిమిషాలు చాలు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం నెమ్మదిగా ఉండాలి. ఇది టెన్షన్‌కే సుమా. ఆస్తమా వచ్చినప్పుడు ఇన్‌హేలరే వాడాలి, దానికీ తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటినా, పగటి పనులు దెబ్బతింటున్నా డాక్టర్‌తో మాట్లాడండి. నేనూ వెళ్లాను, ఇంకా ముందే వెళ్లాల్సింది.

పోయిన నెల మళ్లీ రాత్రి కరెంటు పోయిందట, నాకు మెలకువే రాలేదు. పొద్దున లేచి చూస్తే అమ్మ మంచం పక్కన టార్చి ఉంది, బ్యాటరీలు సరిగ్గా వేసి ఉన్నాయి. ఖాళీ కవర్‌ను మడత పెట్టి దాని కిందే ఉంచింది.