గృహప్రవేశం సంగతి తర్వాత

ప్రొద్దుటూరు నుంచి రాసిన చెల్లెమ్మకు,

పుట్టింటి బీరువాలో దాచుకున్న మీ పన్నెండు తులాల నగలను అన్న మీకు చెప్పకుండా కుదువ పెట్టాడు. అవి వేలానికి పోయాయి. మీ ఆయనకు తెలియకుండా రెండేళ్లుగా పెళ్లిళ్లకు రోల్డ్‌గోల్డ్ వేసుకుని పోతున్నారు. ఇప్పుడు అన్న కొత్త ఇంటి గృహప్రవేశానికి పోవాలా వద్దా అని అడిగారు. మీ ఇష్టం. పోతే భోంచేసి రండి, లేకపోతే మానేయండి. దానికి నా సలహా ఎందుకు?

నాలుగు పేజీల ఉత్తరంలో అన్న గురించి పట్టుమని పది లైన్లు లేవు. మిగతాదంతా "అమ్మ పాపం". బీరువా తాళం ఆ అమ్మ దగ్గరే ఉంది కదా! మీరు నిలదీస్తే, "వాడేమన్నా చేసుకుంటే నీకు సమ్మతమేనా? అల్లుడికి మాత్రం చెప్పొద్దు" అని ఏడ్చింది. మీ నోరు ఆ రోజే మూతపడింది.

ఫోన్ మోగితే గుండెదడ, నిద్ర లేకపోవడం, "అక్కడ పెట్టడం నాదే తప్పు" అనుకోవడం. బయటి దొంగ ఎత్తుకుపోయి ఉంటే ఇలా ఉండేవారా? ఆ పూటే స్టేషన్‌కు పోయేవారు. కావలసిన మనిషే దెబ్బ కొడితే, ఆ మనిషి ఎక్కడ దూరమవుతారోనని మనసు జరిగినదాన్ని చూడనట్టే ఉంటుంది, తప్పు తన మీదే వేసుకుంటుంది. జెన్నిఫర్ ఫ్రెయిడ్ అనే అమెరికా సైకాలజిస్టు 1990లలో దీని గురించే రాసింది. పెద్దల చేతిలో గాయపడిన పిల్లలు దాన్ని ఎందుకు మరిచిపోతారన్నది ఆమె ప్రశ్న. పసిపిల్లకు వేరే దారి లేదు, అన్నం పెట్టేదీ ఆ చెయ్యే. మీకు ముప్పై ఆరేళ్లు.

ముందు మీ ఆయనకు చెప్పండి. అరుస్తారు. రెండేళ్లు దాచినందుకు ఆ కోపం న్యాయమే, పడండి. తర్వాత అమ్మను ఒక్క మాట అడగండి: "స్లాబుకు డబ్బున్నవాడికి నా హారం విడిపించడానికి ఎందుకు లేకపోయిందమ్మా?" ఏడిస్తే ఏడవనివ్వండి. అన్న నిజంగానే చచ్చిపోతానంటుంటే టెలిమానస్ 14416కు, అంటే సర్కారు వాళ్ల మానసిక ఆరోగ్య సహాయ నంబరుకు, మాట్లాడించండి. మీ నిద్రకూ అదే నంబరు, మెడికల్ షాపు మాత్రలు వద్దు.

పెళ్లికి మీకు పెట్టిన నగలు మీ స్త్రీధనం, అంటే మీ సొంత ఆస్తి. ఎప్పటిలోగా తిరిగిస్తాడో కాగితం మీద రాయించుకోండి. రాయనంటే 15100కు ఫోన్ చేయండి, అది ఉచిత న్యాయ సహాయం నంబరు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును పెడతారు.

మాఘమాసంలో మీ పిన్ని కూతురి పెళ్లి ఉందన్నారు. ఆ రోల్డ్‌గోల్డ్ ఇంట్లో పెట్టి, ఉత్త నల్లపూసలతో పోండి. హారమేదే అని అమ్మ ముందు ఎవరైనా అడిగితే మీరు మాట్లాడకండి. అమ్మనే చెప్పనివ్వండి.