ఖడ్గమృగాలను చూడటానికి రువాండాలోని అకగెరా నేషనల్ పార్కుకు వెళ్లొచ్చా?

కెన్యాలోని మసాయి మారా పార్కు రద్దీ వద్దనుకుంటే అకగెరా ఎలా ఉంటుంది, రైనోలు నిజంగా కనిపిస్తాయా అని అడిగారు కదా. నేను వెళ్లొచ్చాను కాబట్టి చెప్తున్నా, తప్పకుండా వెళ్లండి. రాజధాని కిగాలి నుంచి కారులో రెండున్నర, మూడు గంటలు పడుతుంది.

తెల్ల ఖడ్గమృగాలు గడ్డి మేస్తాయి కాబట్టి మైదానంలోనే తిరుగుతుంటాయి. మాకు బాగా దగ్గర్లోనే కనిపించాయి. నల్లవి మాత్రం దొరకలేదు. అవి పొదల ఆకులు, రెమ్మలు తింటూ పగలంతా గుబురుల్లోనే ఉంటాయి. గైడ్ తాజా అడుగుజాడలు చూపించాడు, అంతే. దానికే నాకు ఒళ్లు పులకరించింది. ఎందుకంటే 2007 తర్వాత పదేళ్లపాటు ఆ పార్కులో నల్ల రైనో జాడే లేదు. 1970ల్లో యాభైకి పైగా ఉండేవి, వేటగాళ్లు ఒక్కటీ మిగల్చలేదు.

1994 మారణహోమం తర్వాత తిరిగొచ్చిన శరణార్థులకు భూమి కావాల్సి వచ్చింది. 1997లో పార్కును సగానికి పైగా తగ్గించేశారు. పశువులను కాపాడుకోవడానికి కాపర్లు సింహాలకు విషం పెట్టారు. వాళ్లను తప్పుపట్టాలని నాకు అనిపించదు, అన్నీ పోగొట్టుకుని వచ్చినవాళ్లు. 2010లో ప్రభుత్వం ఆఫ్రికన్ పార్క్స్ అనే వన్యప్రాణి సంరక్షణ సంస్థతో కలిసి నిర్వహణ మొదలుపెట్టాక పరిస్థితి మారింది. పడమటి సరిహద్దు పొడవునా 120 కిలోమీటర్ల కంచె వేశారు, జాగిలాలతో గస్తీ పెట్టారు. 2015లో సింహాలు వచ్చాయి. 2017లో దక్షిణాఫ్రికా నుంచి 18 నల్ల రైనోలు, 2019లో యూరప్ జూల నుంచి ఇంకో ఐదు వచ్చాయి. 2021లో 30 తెల్లవాటిని విమానంలో తెచ్చారు, 2025లో మరో 70. మీరు కట్టే ఎంట్రీ ఫీజులో కొంత చుట్టుపక్కల ఊళ్లకూ వెళ్తుంది. నన్నడిగితే, ఇక్కడికే వెళ్లమనడానికి అసలు కారణం ఇదే.

నల్ల రైనో కోసం బండిని దారి దాటించమని గైడ్‌ను ఒత్తిడి చేయొద్దు. రైనో ఫోటోలు ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు లొకేషన్ తీసేయండి, వేటగాళ్లూ వాటిని చూస్తారు. ఒక పూటలో చుట్టేసి వచ్చేద్దామనుకోకండి, ఒక రాత్రైనా లోపల ఉండండి. పార్కులోని ఇహేమా సరస్సులో పడవ ఎక్కితే నీటిగుర్రాలు, మొసళ్లు కనిపిస్తాయి. ముదురు నీలం, నలుపు బట్టలు వద్దు, సెట్సీ అనే కుట్టే ఈగలు ఆ రంగులకే వస్తాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు తక్కువ, గడ్డి ఎండిపోయి జంతువులు తేలిగ్గా కనిపిస్తాయి. ఇండియా నుంచి వెళ్తుంటే ఎల్లో ఫీవర్ టీకా సంగతి టికెట్లు బుక్ చేసే ముందే కనుక్కోండి.