డిసెంబరు సెలవుల్లో యాట్ ఎక్కుతున్నారా, ముందు గాలి సంగతి తెలుసుకోండి

క్రిస్మస్, న్యూ ఇయర్ మధ్య ఒక వారం, ఎనిమిది మంది కుటుంబం, కెప్టెన్‌తో, షెఫ్‌తో సహా లగ్జరీ యాట్ తీసుకుని కరీబియన్ ద్వీపాలు తిరుగుదామనుకుంటున్నామని మీరు రాశారు. పెట్టే డబ్బుకు తగ్గట్టు ఉంటుందా, అరవై దాటిన అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా అని అడిగారు, కడుపులో తిప్పుతుందేమోనని అమ్మగారి భయం కూడా చెప్పారు. మేం ఇంచుమించు ఇదే చేశాం. బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో డిసెంబరు 27 నుంచి జనవరి 3 దాకా, మా అత్తయ్య, మామయ్య, ఆడపడుచు వాళ్లు, పిల్లలు, అందరం కలిసి. వెళ్లండి, పెద్దవాళ్లనూ తీసుకెళ్లండి. కాకపోతే బుక్ చేసేటప్పుడు మాకెవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. అందులో మొదటిది గాలి.

కరీబియన్‌లో తుపాన్ల సీజన్ జూన్ 1న మొదలై నవంబరు 30తో ముగుస్తుంది. కాబట్టి డిసెంబరు చివర సముద్రం అద్దంలా ఉంటుందనుకున్నాం. అలా ఉండదు. ఆ రోజుల్లో అట్లాంటిక్ మీద అధిక పీడనం బలపడి, తూర్పు, ఈశాన్య దిక్కుల నుంచి వ్యాపార పవనాలు జోరుగా వీస్తాయి. వీటికి అక్కడ 'క్రిస్మస్ విండ్స్' అనే పేరే ఉంది. 20–25 నాట్లు, అంటే గంటకు సుమారు 37 నుంచి 46 కిలోమీటర్ల వేగంతో, కొన్నిసార్లు రోజుల తరబడి ఆగకుండా వీస్తాయి. ఎండ కాస్తూనే ఉంటుంది, ఆకాశం నీలంగానే ఉంటుంది, ఫొటోలో చూస్తే గాలి కనపడదు. డెక్ మీద నిలబడితే మాత్రం టోపీ నిలవదు.

దీనికి తోడు ఉత్తరం నుంచి వచ్చే అలలు వేరే. ఎక్కడో ఉత్తర అట్లాంటిక్‌లో తుపాను రేగితే, రెండు మూడు రోజుల తర్వాత ఆ ఊపు పొడవాటి అలలుగా ఇక్కడికి చేరుతుంది. ఇక్కడ గాలి లేకపోయినా ఉత్తరం వైపు తెరుచుకున్న బీచ్‌లన్నీ ఆ రోజుకు పనికిరావు. మాకు యాట్ కుదిర్చిన బ్రోకర్ రంగురంగుల పేజీలో ఏ రోజు ఏ ద్వీపమో గంటలతో సహా వేసి పంపాడు. రెండో రోజే అది తప్పింది. వర్జిన్ గోర్డా దగ్గర 'ద బాత్స్' అని ఇంటంత గ్రానైట్ బండలు సముద్రపు అంచున గుట్టగా పడి ఉండే చోటు ఉంది. బండల మధ్య సందుల్లోంచి నీళ్లలో నడుస్తూ పోవచ్చు. పిల్లలు ఆరు నెలలుగా దాని వీడియోలే చూస్తున్నారు. మేం వెళ్లేసరికి ఒడ్డున ఎర్రజెండా. అక్కడ డింగీని, అంటే యాట్ నుంచి ఒడ్డుకు తీసుకెళ్లే చిన్న పడవను, దూరంగా తాడుకు కట్టేసి ఒడ్డుకు ఈదుకుంటూ పోవాలి, ఎర్రజెండా ఉంటే నీళ్లలో దిగకూడదు. మా చిన్నాడు ఏడుపు ఒక్కటే తక్కువ.

కెప్టెన్ మాత్రం కంగారుపడలేదు. యాట్‌ని ఆ ద్వీపంలోని స్పానిష్ టౌన్ దగ్గర ఆపి, మమ్మల్ని టాక్సీ ఎక్కించి పైనుంచి పంపాడు. రోడ్డు మీద నుంచి కిందికి కాలిబాట ఉంది, మోకాళ్ల నొప్పులున్న మామయ్య కూడా నెమ్మదిగా దిగి ఆ బండల్ని చేత్తో తాకి చూశారు. సముద్రం వైపు నుంచే వెళ్లుంటే ఆయన యాట్‌లోనే కూర్చుని మా కోసం ఎదురుచూసేవారు. అప్పట్నుంచి బ్రోకర్ కాగితాన్ని పక్కన పెట్టేశాం. రోజూ పొద్దున కాఫీ తాగుతూ కెప్టెన్ వాతావరణ సూచన చూపించి, 'ఈ రోజు ఇటు పోదాం' అనేవాడు, మేం సరే అనేవాళ్లం. మీరు కూడా బుక్ చేసే ముందే కెప్టెన్‌తో ఫోన్లో ఒక్కసారి మాట్లాడించమని గట్టిగా అడగండి. గాలి తూర్పు నుంచి బలంగా ఉంటే ఎక్కడ పడుకుంటాం, ఉత్తరపు అలలొస్తే ఎటు పోతాం అని రెండు ప్రశ్నలు వేయండి. ఆ జవాబులు విన్నాక మనిషి ఎలాంటివాడో మీకే అర్థమవుతుంది. నా దృష్టిలో యాట్ ఎంపిక కన్నా కెప్టెన్ ఎంపికే ముఖ్యం.

యాట్ విషయానికొస్తే, పెద్దవాళ్లుంటే కాటమరాన్ తీసుకోండి. (మన కట్టుమరమే ఆ మాటకు మూలం.) ఒకే పొట్ట ఉన్న తెరచాప పడవ గాలికి ఒక పక్కకు ఒరిగిపోతుంది, గ్లాసు బల్ల మీద నిలవదు. రెండు పొట్టల కాటమరాన్ అంతగా ఒరగదు, లంగరు వేశాక రాత్రి ఊగడం కూడా తక్కువ. అయితే ఎదురు అలల్లో దాని కుదుపు టకటకమని వేరేగా ఉంటుంది, అసలు కదలదని మాత్రం అనుకోకండి. ఎనిమిది మందికి, ఇద్దరు సిబ్బందికి సరిపోయే కాటమరాన్‌లు అక్కడ చాలానే ఉన్నాయి. మీతోపాటు ఇంకో కుటుంబం కలిస్తే మాత్రం ముందే లెక్క చూసుకోండి. పన్నెండు మంది కన్నా ఎక్కువ ప్రయాణికులు ఎక్కితే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం దాన్ని ప్రయాణికుల నౌకగా లెక్కిస్తారు. అందుకే ఎంత పెద్ద యాట్ అయినా చాలావరకు పన్నెండు దగ్గరే ఆగిపోతుంది.

వెనక మెట్లు ఎలా ఉన్నాయో ఫొటో తెప్పించుకుని చూడండి. మేం ఇది అడగలేదు. పెద్దవాళ్లకు అసలు కష్టం సముద్రం కాదు, యాట్‌లోంచి డింగీలోకి దిగడం, మళ్లీ ఎక్కడం. రెండూ ఒకదానికొకటి పొంతన లేకుండా పైకీ కిందికీ కదులుతుంటాయి. మొదటి రోజు అత్తయ్య మూడుసార్లు కాలు ముందుకు పెట్టి మూడుసార్లు వెనక్కి తీసుకున్నారు. అప్పుడు కెప్టెన్ ఆవిడకు పట్టు నేర్పాడు. అరచేతులు కలపకుండా, ఆవిడ అతని మణికట్టు, అతను ఆవిడ మణికట్టు పట్టుకోవాలి. చెయ్యి తడిగా ఉన్నా ఆ పట్టు జారదు. డింగీ పైకి లేచినప్పుడు 'ఇప్పుడు' అనేవాడు, ఆ మాట వినేదాకా కదలకూడదు. మూడో రోజుకల్లా ఆవిడే పిల్లలకు ఆ పట్టు నేర్పించడం మొదలుపెట్టారు. నీటిమట్టానికి దిగే హైడ్రాలిక్ ప్లాట్‌ఫామ్ ఉన్న యాట్ దొరికితే ఈ బాధే ఉండదు.

కడుపులో తిప్పడం గురించి మీ అమ్మగారు భయపడుతున్నారన్నారు కదా. మాకు నిజంగా ఇబ్బంది అయింది ఒక్క రోజే. వర్జిన్ గోర్డా ఉత్తరపు కొస నుంచి అనెగాడా ద్వీపానికి వెళ్లే దారి. సుమారు రెండు గంటలు. దారిలో అడ్డుగా ఏ ద్వీపమూ లేదు, అలలు పక్కనుంచి కొడతాయి. అత్తయ్యకు మొహం పాలిపోయింది. లోపలికి వెళ్లి పడుకుంటానన్నారు, అదే తప్పు. కళ్లు గోడను చూస్తూ ఉంటే చెవి లోపలి భాగం మాత్రం ఊగుతున్నామని చెబుతుంది, ఆ రెండూ కుదరకే వాంతులొస్తాయి. షెఫ్ ఆవిడను వెనక బయట కూర్చోబెట్టి, దూరంగా సముద్రం, ఆకాశం కలిసే గీత వైపు చూస్తూ ఉండమంది. కాసేపటికి తేరుకున్నారు. మాత్రలు కూడా తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా లాభం ఉండదు, బయల్దేరే ముందే వేసుకోవాలి. చెవి వెనక అంటించుకునే స్కోపొలమైన్ ప్యాచ్ అయితే పెద్దవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా వాడకూడదు, ముఖ్యంగా గ్లకోమా అనే కంటి జబ్బు ఉంటే.

కానీ ఆ అనెగాడా చూసి తీరాలి. మిగతావన్నీ కొండల ద్వీపాలు, ఇది మాత్రం పగడపు, సున్నపురాయి ద్వీపం. దీని ఎత్తు పది మీటర్లు కూడా ఉండదు. దగ్గరికి వెళ్లేదాకా ద్వీపం కనపడదు. మొదట సముద్రం మీద నాలుగు చెట్ల తలలు కనిపించాయి, కింద నేల లేదు. తర్వాత నెమ్మదిగా తెల్లటి గీతలా ఇసుక పైకి తేలింది. చుట్టూ దాదాపు 29 కిలోమీటర్ల పగడపు దిబ్బ ఉంది, పాత రోజుల్లో నేల కనపడకే వందల ఓడలు దాని మీద పగిలిపోయాయి. ఉప్పు మడుగుల్లో ఫ్లెమింగోలు గులాబీ చుక్కల్లా కనిపించాయి. మామయ్య ఆ రోజంతా పెద్దగా మాట్లాడలేదు, చూస్తూ ఉండిపోయారు.

డబ్బు లెక్కలు త్వరగా చెప్పేస్తాను. సెలవుల రెండు వారాలకు ధర మామూలు కన్నా బాగా ఎక్కువ, వారం కన్నా తక్కువ రోజులకు ఇవ్వరు. చాలా యాట్‌లు క్రిస్మస్ వారం 26లోపు ముగించాలని, న్యూ ఇయర్ వారం 27 తర్వాతే మొదలవ్వాలని షరతు పెడతాయి. అందుకని 24 నుంచి 31 లాంటి తేదీలు దొరకడం కష్టం. తొమ్మిది నెలలు, ఏడాది ముందే చూసుకోండి. కాటమరాన్‌లకు సాధారణంగా తిండీ పానీయాలూ కలిపే ధర చెబుతారు. పెద్ద మోటార్ యాట్‌లకైతే అద్దె మీద మరో 30 శాతం దాకా ఇంధనానికి, సరుకులకు ముందుగా కట్టించుకుని, మిగిలింది చివర్లో వెనక్కిస్తారు. సిబ్బందికి టిప్ అద్దెలో 15–20 శాతం ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ఇది ఒప్పందంలో కనపడదు, చివరి రోజు ఎదురవుతుంది. సగం డబ్బు సంతకం రోజునే వెళ్లిపోతుంది కాబట్టి రద్దయితే ఆదుకునే ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా మాత్రం సంతకం పెట్టొద్దు.

బయల్దేరే ముందు ఇష్టాయిష్టాల ఫారం ఒకటి పంపుతారు. దాన్ని పెద్దవాళ్లతో కూర్చుని నింపండి. మేం హడావిడిగా నింపి మామయ్య రాత్రి ఏడింటికే తినేస్తారన్న సంగతి రాయలేదు. మొదటి రెండు రోజులు ఆయన మొహమాటంతో తొమ్మిది దాకా ఆకలితో కూర్చున్నారని తర్వాత తెలిసింది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

డిసెంబరు 31 రాత్రికి అందరూ యోస్ట్ వాన్ డైక్ ద్వీపానికి పోతారు. మూడు వందల మంది దాకా ఉండే ఆ చిన్న ద్వీపానికి ఆ ఒక్క రాత్రి వందల పడవలు వస్తాయి. పాటలు, డాన్సులు కావాలంటే అక్కడికే వెళ్లండి, కానీ ముందు రోజే చేరకపోతే లంగరు వేయడానికి చోటు దొరకదు. మేం పెద్దవాళ్ల కోసం నార్మన్ ద్వీపంలోని 'ద బైట్' అనే లోతైన వంపులో ఆగాం. మూడు వైపులా కొండలు, నీళ్లు నిలకడగా ఉన్నాయి. ప్రతి తెరచాప కొయ్య చివరా ఒక తెల్లటి దీపం, అన్నీ మెల్లగా ఊగుతున్నాయి. అత్తయ్య ముందు డెక్ మీద వల పరుపులో వెల్లకిలా పడుకుని వాటిని లెక్కపెట్టారు, ఎక్కడ దీపాలు అయిపోయి ఎక్కడ చుక్కలు మొదలయ్యాయో తెలియక మళ్లీ మొదటికొచ్చారు. పన్నెండుకి పడవలన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించాయి. పిల్లలు నిద్రలేచి పరుగెత్తుకొచ్చి ఆవిడ పక్కన పడుకున్నారు.

ఇంకొకటి, టికెట్లు కొనే ముందు దారి చూసుకోండి. ఈ ద్వీపాలు బ్రిటన్ కిందివి, చెల్లేది మాత్రం అమెరికా డాలరే. విమానాలు, ఫెర్రీలు చాలావరకు పోర్టోరికో లేదా సెయింట్ థామస్ మీదుగా ఉంటాయి, అవి అమెరికా భూభాగాలు. అక్కడ విమానం మారడానికి కూడా భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు అమెరికా వీసా తప్పనిసరి. మీ ఎనిమిది మందిలో ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది ఈ వారమే చూసుకోండి, ఆ తర్వాతే యాట్‌కి అడ్వాన్స్ కట్టండి.