మీ ప్రశ్నలు – మా జవాబులు: గాడిచర్ల జైలు కథ

ప్రశ్న: సార్, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారంటే మాకు గ్రంథాలయోద్యమమే తెలుసు. ఆయన జైలుకు కూడా వెళ్లారట కదా, ఎందుకు? (నంద్యాల నుంచి ఒక విద్యార్థి)

జవాబు: వెళ్లారు, అదీ గాంధీగారి ఉద్యమాలు మొదలుకాక చాలా ముందు, 1908లో. ఆంధ్రలో రాజకీయ కారణంతో జైలుకెళ్లిన తొలి వ్యక్తిగా ఆయన పేరే చెబుతారు. కర్నూలులో 1883లో పుట్టి, మద్రాసులో ఎం.ఏ. చదివి, పంతులు ఉద్యోగం కోసం రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో చేరారు. 1907లో వందేమాతరం ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చారు. చిలకమర్తి వారు ‘భరతఖండంబు చక్కని పాడియావు’ పద్యం చెప్పింది ఆ సందర్భంలోనే. ఆ ఊపులో విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసుకు వెళ్తే, ప్రిన్సిపాల్ మార్క్ హంటర్‌కు ఒళ్లు మండింది. గాడిచర్లను కాలేజీలోంచి పంపేశారు, సర్కారు ఉద్యోగం దారీ మూసేశారు. ఆయనేమో బెజవాడ వెళ్లి ‘స్వరాజ్య’ అనే వారపత్రిక పెట్టారు! 1908 మార్చిలో తిరునల్వేలిలో స్వదేశీ ఉద్యమ నాయకుడు చిదంబరం పిళ్లై అరెస్టు మీద గొడవలై, పోలీసు కాల్పుల్లో నలుగురు చనిపోయారు. దాని మీద ‘విపరీత బుద్ధి’ అని వ్యాసం వేస్తూ తెల్లవాళ్లను క్రూరమైన పులితో పోల్చారు. అంతే, రాజద్రోహం కేసు, చివరికి మూడేళ్ల జైలు.

ప్రశ్న: ఒక్క వ్యాసానికి మూడేళ్లా? నమ్మబుద్ధి కావడం లేదు. (గుంటూరు)

జవాబు: నమ్మాలి. అసలు కింది కోర్టు వేసింది కొన్ని నెలలే. అది చాలదని సర్కారే హైకోర్టుకెక్కి మూడేళ్ల కఠిన శిక్షగా పెంచించింది. రాయవేలూరు (వెల్లూరు) జైల్లో బందిపోటు దొంగలు, హంతకుల మధ్య పెట్టి, గొలుసులేసి, మట్టి మూకుట్లో తిండి పెట్టారు. ఎం.ఏ. చదివిన మనిషికి!

ఆయన్ని ‘ఆంధ్ర తిలక్’ అంటారు గానీ జైల్లో ఇద్దరి పరిస్థితీ ఒకటి కాదు. అదే 1908లో తిలక్‌కు ఆరేళ్లు వేసి బర్మాలోని మాండలే జైలుకు పంపారు, అదేమీ సుఖం కాదు, కానీ అక్కడ పుస్తకాలు చదువుకోనిచ్చారు, ‘గీతారహస్యం’ అక్కడే రాశారు. మన గాడిచర్ల మామూలు నేరస్థుడి లెక్కలోనే ఉండిపోయారు. జైళ్లలో ఖైదీలను ఏ, బీ, సీ తరగతులుగా విడదీసి, పై తరగతులకు మెరుగైన వసతులిచ్చే పద్ధతి వచ్చింది 1930లో, విప్లవకారుడు జతీన్ దాస్ లాహోరు జైల్లో నిరాహార దీక్ష చేసి ప్రాణం విడిచాక. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ‘ఏ’ క్లాసు దొరికిన పెద్దల అనుభవాలు చదివి, జైలంటే ఇంతేనా అనుకునేవాళ్లు 1908 నాటి ఈ సంగతి కూడా తెలుసుకోవాలి.

ప్రశ్న: బయటకొచ్చాక రాజకీయాలు మానేశారా? (హైదరాబాద్)

జవాబు: ఎక్కడ మానేశారండీ! మొదట మాత్రం చాలా ఇబ్బంది పడ్డారు, సర్కారు భయానికి ఆయన్ని దగ్గరికి రానివ్వడానికే జంకినవాళ్లు ఉన్నారు. ఆదుకున్నవాళ్లలో కొమర్రాజు లక్ష్మణరావు గారొకరు. కొమర్రాజు గారి విజ్ఞాన చంద్రికా గ్రంథమాలలో మొట్టమొదటి పుస్తకం, అబ్రహాం లింకన్ చరిత్ర, జైలుకు ముందే గాడిచర్ల రాసిందే. తర్వాత కాంగ్రెస్, పత్రికలు, 1927లో మద్రాసు శాసనమండలి. చాలా ఏళ్లు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి అధ్యక్షుడిగా ఉండి, వయోజన విద్య కోసం తిరిగారు. నా మటుకు నాకు ఈ రెండో సగం కూడా ‘స్వరాజ్య’ పనికి కొనసాగింపే అనిపిస్తుంది. పత్రిక పెట్టినా చదివేవాళ్లు ఉండాలిగా మరి. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చి తను పుట్టిన కర్నూలే రాజధాని కావడం కళ్లారా చూశారు. 1960 ఫిబ్రవరి 29న కన్నుమూశారు.