నగల దుకాణంలో చెప్పే 'ఈఎఫ్, వీవీఎస్' అంటే ఏమిటి? వజ్రం నాణ్యతను ఎలా తేలుస్తారు?

ఈఎఫ్ అనేది రంగు, వీవీఎస్ అనేది స్వచ్ఛత, అంటే లోపల మచ్చలు ఎంత తక్కువో చెప్పేది. అమెరికాకు చెందిన జీఐఏ సంస్థ రూపొందించిన గ్రేడులనే ఎక్కువ దేశాల్లో వాడుతున్నారు.

రంగుకు డి నుంచి జడ్ దాకా అక్షరాలు ఇస్తారు. డి అంటే బొత్తిగా రంగు లేనిది; ఈ, ఎఫ్ దాని వెంటనే వచ్చే మెట్లు. కిందికి పోయేకొద్దీ పసుపు ఛాయ పెరుగుతుంది. దానికి సాధారణంగా కారణం రాయిలోని నైట్రోజన్. ఒకప్పటి గోల్కొండ రాజ్యంలోని మన కొల్లూరు ప్రాంతపు మేలైన రాళ్లలో అది దాదాపు ఉండదు. 'గోల్కొండ వజ్రం' అన్న పేరుకు ఇప్పటికీ అంత విలువ అందుకే.

స్వచ్ఛతను 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో పరీక్షిస్తారు. మొత్తం 11 మెట్లు. వీవీఎస్‌లో మచ్చలు నిపుణుడికి కూడా అతి కష్టం మీద కనిపిస్తాయి. దాని కింది మెట్టు వీఎస్ కూడా మామూలు కంటికి శుభ్రంగానే ఉంటుంది, కాబట్టి వీవీఎస్ కోసం అప్పు చేయకండి.

బరువు: 1 క్యారెట్ అంటే 0.2 గ్రాములు, అంటే 100 సెంట్లు. బంగారం క్యారెట్ వేరు, అది స్వచ్ఛతను చెప్పేది.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం కట్, అంటే రాయిని సానబట్టిన తీరు. మిగతావి నేల ఇచ్చేవి, ఇది మనిషి చేతి పని. కోణాలు తప్పితే వెలుగు అడుగు నుంచి జారిపోయి రాయి కళ తప్పుతుంది. 1852లో లండన్‌లో కోహినూర్‌ను మళ్లీ సానబట్టింది మెరుపు కోసమే. దాదాపు 186 క్యారెట్ల రాయి 105.6కు తగ్గింది! గుండ్రటి రాయి కొంటుంటే జీఐఏ రిపోర్టులో కట్ 'ఎక్సలెంట్' అని ఉందేమో చూడండి. రిపోర్టు నంబరును వాళ్ల వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు.